నిలువెత్తు బంగారం

2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర ఇంకా నాలుగు రోజులుందనగా, హనుమకొండ బజారులో ఒక బెల్లం దుకాణం ముందు మా గార్డు గారు కాటాలో కూర్చున్నారు. ఒక పళ్ళెంలో గార్డు గారు, రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు. డెబ్బై రెండేళ్ళ మనిషి. రెండు చేతులతో గొలుసులు పట్టుకొని, మొదటిసారి రంగులరాట్నం ఎక్కిన పసివాడిలా బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు.

దుకాణదారు డెబ్బై కిలోల దాకా పేర్చి, కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, "ఏం మొక్కు పెద్దసారూ? మనుమనికి నౌకరొచ్చిందా?" అని మర్యాదగా అడిగాడు.

"కాదయ్యా. హాకీ."

"హాకీల గెలిచిండ్రా? మంచిదే!"

"లేదు. ఓడిపోయినం."

దుకాణదారు చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఒకసారి గార్డు గారిని చూశాడు. తర్వాత పక్కన నిలబడ్డ మమ్మల్ని ముగ్గురినీ చూశాడు. ఈ ముసలాయనకు మతి తప్పిందా, లేక వీళ్ళంతా కలిసి తప్పించారా అన్న సందేహం ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది. అయినా వ్యాపారి గనక ముద్ద పళ్ళెంలో వేశాడు. మొత్తం ఎనభై నాలుగు కిలోలు తూగింది.

ఈ పాటికి మీకూ అదే సందేహం వచ్చి ఉంటుంది. పని అయితే మొక్కు చెల్లిస్తాం. కాని పనికి మొక్కు ఏమిటి? ఎందుకు చెల్లించాలి? ఆ ప్రశ్న మీద మా నలుగురి మధ్య రెండు నెలలు వాదోపవాదాలు నడిచాయి. ఆ కథ చెబుతాను, వినండి.

మా నలుగురికీ ఉమ్మడిగా ఒకటే జబ్బు. హాకీ. మాలో ఎవరమూ చెప్పుకోదగ్గ ఆటగాళ్ళం కాము. చూసేవాళ్ళం మాత్రమే. ఎక్కడ రెండు జట్లు కర్రలు పట్టుకొని నిలబడ్డాయని తెలిసినా అక్కడికి చేరుకుంటాం.

మాలో పెద్ద గార్డు గారు. కాజీపేట రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, రైల్వేలోనే పని చేసి, అక్కడే రిటైరైన మనిషి. ఆయన చిన్నతనంలో కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. సాయంకాలం కాగానే ఇంటింటి నుంచీ హాకీ కర్రలు బయటికి వచ్చేవని, విరిగిన కర్రకు దారం చుట్టి తమలాంటి పిల్లలకు ఇచ్చేవారని చెబుతారు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మనవాళ్ళు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన రోజున ఆయన రేడియోకు చెవి ఆనించి కూర్చున్నారట. ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ ఆ రెండో గోలు కొట్టిన తీరు ఇప్పటికీ, చూసినట్టే చెబుతారు. రేడియోలో విన్న గోలును ఇంత కళ్ళకు కట్టినట్టు చెప్పగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

రెండోవారు పోస్టుమాస్టరు గారు. కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, ఇక్కడి నీళ్ళు పడి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవారు. ఆయన ఆటను చూడరు, తనిఖీ చేస్తారు. మైదానం పొడుగు 91.40 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు, బంతి బరువు 156 గ్రాములకు తగ్గరాదు, 163కు మించరాదు అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అంపైరు ఈల వేస్తే, అది ఏ నిబంధన కింద వేశాడో మాకు చెప్పిన తర్వాతే ఆయనకు మనశ్శాంతి.

మూడోవాడు నా బావమరిది. బట్టల కొట్టు యజమాని. వాడు మిరపకాయ బజ్జీల కోసం వస్తాడని నా అనుమానం. కాదని వాడంటాడు గాని, బజ్జీల బండి లేని మైదానానికి వాడు వచ్చిన దాఖలా లేదు.

నాలుగోవాణ్ణి నేను. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. హాకీ కర్రకు ఒకవైపే చదునుగా ఉంటుందని, ఆ వైపుతోనే బంతిని కొట్టాలని, వెనుకవైపు తగిలితే తప్పని నాకు పాతికేళ్ళు దాటాక గాని తెలియలేదు. కాజీపేట స్టేషనులో ఆలస్యమైన రైలు కోసం కూర్చున్న ఒకనాడు గార్డు గారి పక్క సీటు దొరకడమే నా జబ్బుకు మూలం.

2021 ఆగస్టు 5న టోక్యోలో మగపిల్లలు జర్మనీని 5-4తో ఓడించి, నలభై ఒక్క ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు మేం పోస్టుమాస్టరు గారింట్లో టెలివిజను ముందున్నాం. బావమరిది వీధి వీధంతా మిఠాయి పంచాడు. మర్నాడు ఆడపిల్లలు కంచు పతకం కోసం బ్రిటన్‌తో ఆడారు. రెండు గోళ్ళు వెనకబడి, మూడు కొట్టి ముందుకు వచ్చి, చివరికి 3-4తో ఓడిపోయారు. ఆ పిల్లలు మైదానంలో కూలబడి ఏడుస్తుంటే గార్డు గారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ముఖం కడుక్కుని వచ్చి, "నిన్నటి ఆట కంటే ఇదే పెద్ద ఆట" అన్నారు. ఓడిన ఆట పెద్దదెలా అవుతుందని పోస్టుమాస్టరు గారు అడిగారు. గార్డు గారు జవాబు చెప్పలేదు. ఆ జవాబు మాకు దొరకడానికి రెండేళ్ళు పట్టింది.

"క్రికెట్టయితే ఇంట్లో చాప మీద పడుకుని చూడవచ్చు గదా, ఈ ఎండలో పడి ఎందుకు తిరుగుతారు?" అని మా ఆవిడ అడుగుతుంటుంది. అదే చిక్కు. మన కాలేజీల హాకీ చూడాలంటే మైదానానికి పోవలసిందే. అక్కడికి పోతే మేం నలుగురం, ఆడే పిల్లలు ఇరవై రెండుమంది, అంపైర్లిద్దరు, గీత దాటి మేతకు వచ్చే నాలుగు మేకలు. హైదరాబాదు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్కుల్లోనూ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్ళి రజని భారత జట్టుకు గోల్‌కీపరయింది. వాళ్ళూ ఒకప్పుడు ఇలాంటి మైదానాలలో మేకల మధ్య ఆడి వచ్చినవాళ్ళే అయి ఉండాలి. ఆ మేకలతో పాటు మరో నలుగురు మనుషులుంటే తప్పా అన్నది మా వాదం.

ఇక అసలు విషయానికి వస్తాను.

2023 డిసెంబరులో మా విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల ఆడపిల్లల హాకీ పోటీలు హనుమకొండలో జరిగాయి. ఎన్నడూ లేనిది, మా కాలేజీ పిల్లలు ఫైనలుకు వచ్చారు. మా జట్టు మొత్తం పన్నెండుగురు. పదకొండుగురు ఆడతారు, ఒకర్తె గట్టు మీద కూర్చుంటుంది. ఎవరికైనా జ్వరం వస్తే గట్టు ఖాళీ. ఇద్దరికి వస్తే జట్టే ఖాళీ. పైగా ఆ ఏడు ఖర్చుల లెక్క చూసినవారు, పన్నెండుమంది కోసం ఇన్ని కర్రలా, ఇంత ప్రయాణపు ఖర్చా, పై ఏడు నుంచి ఈ ఆట మానేద్దామన్నారు. మా పి.డి. గారు, అంటే ఆటల మాస్టరు, మొహం వేలాడేసుకుని నాతో, "ఫైనల్ గెలిస్తే ఆ మాట ఎత్తరు సార్. ఓడితే కాగితం మీద సంతకం అయిపోతది" అన్నాడు. కనుక ఆ రోజు ఆట ఒక్క కప్పు కోసం కాదు.

మా గోల్‌కీపరు మేడారానికి కూతవేటు దూరంలోని కోయగూడెం పిల్ల. హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నా క్లాసులో ఆఖరి బెంచీ. పన్నెండుమందిలో ఎత్తయినది కాదు, లావైనది కాదు. "ఎందుకమ్మా గోల్‌కీపరువయ్యావు?" అని ఒకసారి అడిగితే, "ఎవరూ నిలబడతమనలేదు సార్, నేను నిలబడిన" అంది. కాళ్ళకు కట్టే ప్యాడ్లు మగవాళ్ళ కొలతవి. పటకాలు ఊడిపోతుంటే చున్నీ చింపి కట్టుకునేది.

ఆ ఉదయం మైదానానికి పోయే బస్సులో ఆ పిల్ల నా ముందు సీట్లో కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. ధైర్యం చెబుదామని నేను జైపాల్ సింగ్ ముండా కథ ఎత్తుకున్నాను. ఛోటా నాగపూర్ ఆదివాసి పల్లెలో పుట్టినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ అక్కడి జట్టులో హాకీ ఆడాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్కులకు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెను. మన దేశానికి హాకీలో మొట్టమొదటి బంగారు పతకం ఆ జట్టే తెచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసుల తరఫున మాట్లాడినవాడూ ఆయనే. "అంతటివాడు కూడా కాలేజీ హాకీ ఆడి వచ్చినవాడేనమ్మా" అని ముగించాను.

ఆ పిల్ల శ్రద్ధగా విని, "ఫైనల్‌ల ఆయన ఎన్ని గోల్స్ కొట్టిండు సార్?" అంది.

ఇక్కడ చిక్కుకున్నాను. జైపాల్ సింగ్ ఆ ఫైనలు ఆడలేదు. అంతకు ముందే జట్టు వదిలి వెళ్ళిపోయాడు. ఆ మాట చెప్పక తప్పలేదు. నా పాఠాలన్నీ ఇంతే, ఆఖరి ప్రశ్న దగ్గర బోర్లా పడతాయి. గార్డు గారు వెనక సీటు నుంచి వంగి నన్ను ఆదుకున్నారు. "బిడ్డా, ఆ జట్టు అయిదు ఆటలల్ల ఇరవై తొమ్మిది గోళ్ళు కొట్టింది. మన గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్. ఎన్ని ఇచ్చిండో తెలుసా? ఒక్కటి గూడ ఇయ్యలే."

"ఒక్కటి గూడనా?" అంది ఆ పిల్ల. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చేతులు వణకడం మానేశాయి.

మైదానం చేరేసరికి మాకొక ఆశ్చర్యం. గట్టు మీద జనం! ఎక్కువేమీ కాదు, ఇరవై ముప్పైమంది. అందులో ఆడవాళ్ళే సగం. ఆ నెల 9వ తేదీ నుంచే రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. పిల్ల ఏదో ఆడుతుందట, చూసి వద్దాం అని తల్లులు మొదటిసారి బస్సెక్కి వచ్చారు. మా గోల్‌కీపరు తల్లి కూడా తాడ్వాయిలో బస్సెక్కి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో ఒక గిన్నె, గిన్నెలో కూతురికి తునకల కూర. మా నలుగురి పక్కనే వచ్చి కూర్చుని, "మా బిడ్డ ఏదసొంటిది సారూ? అందరు ఒక్క తీరుగ ఉన్నరు" అని అడిగింది. గోలు దగ్గర ప్యాడ్లతో, ముఖానికి జాలీతో నిలబడ్డ ఆకారాన్ని చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "అదేంది, దానికి గంత బరువు ఎత్తిండ్రు?" అంది.

ఆట మొదలైంది. ఎదుటి జట్టు ప్రతి ఏడూ గెలిచే జట్టు. పద్దెనిమిది మంది, ఒకే రంగు బూట్లు. రెండో పావులో వాళ్ళకు పెనాల్టీ కార్నరు దొరికింది. చూడనివారి కోసం చెబుతాను. పెనాల్టీ కార్నరంటే గోల్‌కీపరుతో కలిపి అయిదుగురే గోలుగీత వెనక నిలబడాలి. మిగిలిన ఆరుగురూ మైదానం మధ్యగీత అవతలికి వెళ్ళిపోవాలి. బంతి లోపలికి వచ్చాక గాని ఎవరూ కదలరాదు. పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గోలును ఆ అయిదుగురే కాయాలి.

మావాళ్ళు ఆరుగురు మధ్యగీత వైపు పరుగెత్తడం చూసి, ఆ తల్లి లేచి నిలబడింది. "గిదేంది సారూ! అందరు కలిసి నా బిడ్డ మీదికే ఉరుకుతున్నరు. మనోళ్ళు ఎటు పారిపోతున్నరు?"

పోస్టుమాస్టరు గారు నిబంధన చదివి వినిపించబోయారు. ఆయన మొదటి వాక్యం పూర్తి చేసే లోగానే బంతి గోలు వెనక బల్లకు ఠప్పున తగిలింది. 0-1. ఆ తల్లి మరి కూర్చోలేదు.

మూడో పావులో మావాళ్ళలో ఒక చిన్నపిల్ల కుడివైపు నుంచి బంతిని ఎత్తుకుని వచ్చింది. ఇద్దరిని తప్పించింది. మూడో అమ్మాయి కాళ్ళ సందులోంచి బంతిని లోపలికి తోసింది. అక్కడ మరొకర్తె కర్ర అడ్డం పెట్టిందంతే. 1-1. బావమరిది బజ్జీల పొట్లం గాలిలోకి ఎగిరింది. వాడికి ఆటంటే ఇష్టమేనని ఆ రోజు ఒప్పుకున్నాను.

చివరి పావులో ఆరు నిమిషాలుందనగా మా పిల్ల ఒకర్తె కర్ర అడ్డం పెట్టి ఎదుటి పిల్లను పడేసింది. ఆకుపచ్చ కార్డు. అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పదిమందితో ఆట. ఆ రెండు నిమిషాలూ బంతి మా గోలు ముందు నుంచి కదల్లేదు. మా పిల్ల కుడికాలితో ఒకటి ఆపింది. ఎడమకాలితో ఒకటి ఆపింది. పడి, లేచి, మళ్ళీ పడి, పడుకునే చేత్తో ఒకటి నెట్టింది. చున్నీతో కట్టిన పటకా ఊడి నేల మీద ఈడుస్తోంది.

అప్పుడు గార్డు గారు రెండు చేతులూ జోడించి, మేడారం ఉన్న దిక్కు అదేనో కాదో గాని తూర్పుకు తిరిగి, గట్టిగా కేక పెట్టారు: "తల్లీ సమ్మక్కా! నిలబెట్టు తల్లీ! నీకు నిలువెత్తు బంగారం ఇస్త!"

పొరుగు ప్రాంతాల పాఠకులకు ఒక్క మాట. మేడారంలో బంగారమంటే బెల్లమే. మొక్కుకున్నవారు తమ ఎత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే బెల్లం తల్లులకు సమర్పిస్తారు. వేరే ఏ పేరుతోనూ అక్కడ ఎవరూ దాన్ని పిలవరు.

ఈల మోగింది. 1-1. షూటౌటు. ఒక్కొక్క జట్టు నుంచి అయిదుగురు. ఇరవై మూడు మీటర్ల గీత నుంచి ఒక్కర్తే బంతితో బయలుదేరి, ఎనిమిది సెకన్లలో గోల్‌కీపరును దాటి గోలు కొట్టాలి. మా పిల్ల అయిదింటిలో రెండు ఆపింది. మావాళ్ళు అయిదింటిలో రెండే కొట్టారు. వాళ్ళు మూడు కొట్టారు. ఓడిపోయాం.

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పి.డి. గారు కర్రలు ఏరుకుంటున్నాడు. ఏరడానికి అంత సేపు పట్టేటన్ని కర్రలు అక్కడ లేవు. పిల్లలు గట్టు దగ్గర ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. గోల్‌కీపరు ఏడవలేదు. తల్లి దగ్గరకు వచ్చి కూర్చుంది. తల్లి ఆ ప్యాడ్లు ఒక్కొక్కటే విప్పి, కమిలిన మోకాలు నిమిరి, గిన్నె మూత తీసింది.

మైదానం బయట టీ బండి దగ్గరికి మేం నలుగురం చేరాం. ఆ తల్లీకూతుళ్ళు కూడా బస్సు కోసం అక్కడికే వచ్చారు. పోస్టుమాస్టరు గారు మెల్లగా గొంతు సవరించుకుని, "ఏదైతేనేం గార్డు గారూ, మీకు ఎనభై కిలోల బెల్లం మిగిలింది" అన్నారు. ఓదార్చడానికే అన్నారనుకుంటాను.

ఆ మాట అర్థం కాక ఆ తల్లి అడిగితే, సంగతి చెప్పాం. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, "అయితే జాతరకు రారా సారూ? మాగ్గావాలె, మా ఊరు పక్కనే" అంది.

గార్డు గారు తల దించుకుని, "ఏ మొకం పెట్టుకుని రావాలమ్మా? ఓడిపోయినం" అన్నారు.

ఆమె ఆయన వైపు వింతగా చూసింది. పెద్దమనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టుగా.

"సమ్మక్క గెలిచిందా సారూ?" అంది.

పాఠకులారా, నేను ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఊళ్ళో సభలలో కాకతీయుల మీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. మేడారం కథ నాకు తెలియనిది కాదు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుని సేన కోయరాజ్యం మీదికి వచ్చిందని చెప్పుకుంటారు. పగిడిద్దరాజు పడిపోయాడు. సారలమ్మ పడిపోయింది. గోవిందరాజు పడిపోయాడు. ఓటమి సహించలేక జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అదే జంపన్న వాగయింది. సమ్మక్క గాయపడి కూడా చివరిదాకా నిలబడి పోరాడి, చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైందట. వెతుకుతూ వెళ్ళినవారికి కుంకుమ భరిణె ఒక్కటే దొరికిందట. ఆ యుద్ధంలో మేడారం వైపు గెలిచినవారు ఒక్కరు కూడా లేరు. రెండేళ్ళకొకసారి లక్షల జనం పోయి మొక్కేది ఓడిపోయినవాళ్ళకు. ఈ సంగతి నాకు ఏనాడూ తట్టలేదు. కోయగూడెం తల్లికి అది పుట్టుకతో తెలుసు.

అయినా పోస్టుమాస్టరు గారు అంత తేలికగా వదలలేదు. మొక్కు ఒక ఒప్పందమని, షరతు నెరవేరనప్పుడు చెల్లింపు లేదని ఆయన వాదం. సంక్రాంతి దాకా ఇదే తగువు. చివరికి షరతు ఏమిటో తేల్చండి అన్నారు. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. తెలుగు మాస్టరును గదా, సాక్ష్యం చెప్పమన్నారు.

నేను విన్నది విన్నట్టు చెప్పాను. గార్డు గారు "గెలిపించు తల్లీ" అనలేదు. "నిలబెట్టు తల్లీ" అన్నారు. నిలువు, నిలబడు, నిలుపు, నిలబెట్టు, అన్నీ ఒక్క ధాతువులోంచి వచ్చినవే. నిలువెత్తు అన్న మాటలో ఉన్నదీ అదే. మనిషి నిలబడితే ఎంత ఎత్తో అంత. మరి పిల్ల నిలబడిందా లేదా? పదిమందితో ఆడిన రెండు నిమిషాలూ నిలబడింది. షూటౌటులో అయిదుసార్లు నిలబడింది. తల్లి తన మాట చెల్లించుకుంది. ఇక గార్డు గారిదే బాకీ.

పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "షరతు నెరవేరినట్టే" అన్నారు. ఆయన ఒప్పుకున్న తర్వాతే మేం బెల్లం దుకాణానికి వెళ్ళాం.

ఫిబ్రవరి 21న, బుధవారం, కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చింది. 22న, గురువారం, చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చారు. మేం శుక్రవారం పోయాం. ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి, పస్రా దాటి, తాడ్వాయి అడవిలోకి ప్రవేశించేసరికి ముందు బస్సులు, వెనక బస్సులు, మధ్యలో మా బెల్లం మూటలు. జంపన్న వాగులో స్నానం చేశాం. గట్టు మీద శివసత్తులు పూనకంతో ఊగుతున్నారు. ఒక్కొక్క కుటుంబం చెట్టు కింద పొయ్యి పెట్టుకుని వంట చేసుకుంటోంది.

గోల్‌కీపరు పిల్ల వాగు దగ్గరే మాకు ఎదురొచ్చింది. హాస్టలు నుంచి జాతరకు ఇంటికి వచ్చింది. మూటల్లో రెండు తన నెత్తికెత్తుకుని, "నా ఎనకాలనే రండ్రి సార్, తప్పిపోతరు" అని జనంలో దారి చేసింది. డిసెంబరులో గోలు ముందు ఎంతమంది మీదపడ్డా దారి ఇవ్వని పిల్ల, ఆ రోజు అంత జనంలోనూ మాకు దారి ఇప్పించింది.

మేడారంలో ఆ తల్లులకు విగ్రహాలు లేవు. గద్దెల మీద వెదురు కర్రలు, కుంకుమ, పసుపు, చుట్టూ కొండలా పెరుగుతున్న బెల్లం. గార్డు గారు ఎనభై నాలుగు కిలోలనూ మా చేతులమీదుగా సమర్పించి, దణ్ణం పెట్టి, చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఏం కోరుకున్నారో నేను అడగలేదు. బయటికి వచ్చాక ఆయనే, "ఏం అడగలే. ఇచ్చిందానికి చెప్పుకున్న" అన్నారు.

ప్రసాదంగా మాకు కొంత బంగారం తిరిగి వచ్చింది. గార్డు గారు దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. సోమవారం కాలేజీకి తెచ్చి పి.డి. గారి బల్ల మీద పెట్టారు. పి.డి. గారు పక్కన ఒక కాగితం పెట్టాడు. హాకీ నేర్చుకోదలచినవారు పేరు రాసి ప్రసాదం తీసుకోవలెను. సాయంత్రానికి బెల్లం అయిపోయింది, కాగితం మీద పంతొమ్మిది పేర్లున్నాయి. బెల్లం అయిపోయిన తర్వాత కూడా ఇద్దరు వచ్చి రాశారట. ఆ కాగితం చూపించి పి.డి. గారు, జట్టు మానేసే ఆ రెండో కాగితం మీద సంతకం ఆపించగలిగాడు. ఇరవై ఒక్కరిలో ఎందరు చివరిదాకా ఆడారంటే ఎనిమిదిమంది. చాలు. పన్నెండుకు ఎనిమిది కలిపితే ఇరవై. గట్టు మీద కూర్చోవడానికి కూడా పిల్లలున్నారు.

రాత్రి ఈ కథంతా చెబితే మా ఆవిడ విని, "ఈసారి ఫైనలు ఎప్పుడో ముందుగా చెప్పండి, నేనూ వస్తాను" అంది. ఎండలో నిలబడాలి సుమా అన్నాను.

"నిలబడతాను లెండి. నాకు టిక్కెట్టు లేదు గదా, మీరు కొనుక్కోండి" అంది.